మూడో ప్రయత్నం

నిన్నటి పవర్‌లిఫ్టింగ్ పోటీలో నా శిష్యురాలి మొదటి రెండు స్క్వాట్లు (బరువును భుజాలపై మోస్తూ గుంజీలా దిగి లేవడం) విఫలం కావడానికి కారణం ఆమె కాదు, నేను. తొలి ప్రయత్నానికి 120 కిలోలు రాయించాను. సాధనలో ఆమె ఆ బరువు ఎత్తిన మాట నిజమే కానీ, అది అన్నీ కలిసొచ్చిన రోజున, ఒకే ఒక్కసారి. తొలి బరువు నిద్రపట్టని రాత్రి తర్వాత కూడా తేలికగా లేవగలిగేదిగా ఉండాలని అందరికీ చెప్పే నేనే ఆ మాట మరిచాను.

తుంటి మడత మోకాలి పైభాగం కన్నా కిందికి దిగలేదని రెండుసార్లూ రెఫరీల ఎర్ర దీపాలే వెలిగాయి. విఫలమయ్యాక బరువు తగ్గించుకునే వీలు నిబంధనల్లో లేదు. మూడోసారీ తప్పితే పోటీలోని మిగతా రెండు అంశాలు, బెంచ్ ప్రెస్, డెడ్‌లిఫ్ట్ ఎంత బాగా చేసినా మూడింటి మొత్తం లెక్కలోకి రాదు.

చేతులకు సుద్దపొడి రాసుకుంటున్న ఆమె వేళ్లు వణకడం చూశాను. "బరువు తప్పుగా ఎంచింది నేనమ్మా. నువ్వు ఊపిరి నిండా పీల్చి, పొట్ట బిగించి, నిదానంగా దిగు, అంతే" అన్నాను. ఆమె తలూపింది. ఈసారి కిందికి దిగడానికి పట్టిన ఆ రెండు మూడు క్షణాలూ నాకు ఊపిరాడలేదు. రెండు తెల్ల దీపాలు, ఒక ఎర్రది. ముగ్గురు రెఫరీలలో ఇద్దరు ఒప్పుకుంటే చాలు.

సాయంత్రం ఆమె సాధన పుస్తకం తెరిచి, వచ్చే పోటీకి తొలి స్క్వాట్ 107.5 కిలోలు అని తన చేతితోనే రాసింది. నేను కింద సంతకం పెట్టాను.