చావవలసిన కణాలు చావకపోతే

చిల్గోజా గింజ పెంకు వలిచి, లోపలి తెల్లని పప్పును నిలువునా జాగ్రత్తగా చీలిస్తే, నడుమనున్న సన్నని గాడిలో అగ్గిపుల్ల ముక్క వంటి కాడ ఒకటి కనిపిస్తుంది. అదే పైన్ చెట్టు పిండం. దాని చుట్టూ మనం ఇష్టంగా తినే పప్పంతా తల్లి వైపు నుంచే వచ్చిన, ఒకే వరుస క్రోమోజోములున్న పోషక కణజాలం. కాడకు ఒక కొసన వేలి కొనల వంటి బీజదళాలు గుత్తిగా ఉంటాయి. రెండో కొసన, ఒకప్పుడు పిండం కంటే ఎంతో పొడవుగా సాగిన తోక ఉండేది. దాన్నే సస్పెన్సర్ అంటారు.

సస్పెన్సర్ పిండాన్ని పోషక కణజాలంలోకి నెట్టి, ఆ తరువాత వాడిపోతుందని ఇంటర్మీడియట్‌లో ఒక్క వాక్యంలో చదువుకున్నాను. ‘వాడిపోతుంది’ అన్న మాట దగ్గరే నాకు అభ్యంతరం, ఎందుకంటే అక్కడ జరిగేది ప్రోటీన్లు దగ్గరుండి వరుస తప్పకుండా నడిపించే పని.

ఈ సంగతిలో మనకు తెలిసినదానిలో చాలా భాగం పైన్‌కు దగ్గరి చుట్టమైన నార్వే స్ప్రూస్ అనే చెట్టు నుంచి వచ్చింది. స్వీడన్‌లో సారా ఫాన్ ఆర్నాల్డ్ అనే శాస్త్రవేత్త, ఆమె సహచరులు 1985లోనే ఈ చెట్టు కణజాలం నుంచి ప్రయోగశాలలో పిండాలను పెంచి, మొక్కలను తీశారు. పోషక ద్రవంలో ఆక్సిన్, సైటోకైనిన్ అనే మొక్కల హార్మోన్లు ఉన్నంతకాలం కణాలు గుంపులు గుంపులుగా విభజన చెందుతూనే ఉంటాయి. వాటిని తీసివేస్తే ఆ గుంపుల నుంచి పిండాలు మొలుచుకొస్తాయి. ఆపై అబ్సిసిక్ ఆమ్లం అనే మరో హార్మోన్ అందిస్తే పక్వానికి వస్తాయి. అటువంటి పిండానికి రెండు రంగులు అద్ది సూక్ష్మదర్శినిలో చూస్తే, తల భాగం అసిటోకార్మిన్‌తో ఎర్రగా, తోక ఇవాన్స్ బ్లూతో నీలంగా కనిపిస్తాయి. ఈ నీలం రంగు పొర దెబ్బతిన్న కణాల్లోకే చొరబడుతుంది కాబట్టి, బతికే కణాలకూ చనిపోయే కణాలకూ మధ్య సరిహద్దు కంటికి కనిపిస్తుంది.

ఆ సరిహద్దు ఎలా నిలుస్తుందన్నదే అసలు ప్రశ్న. తల అడుగుభాగంలోని కణం అడ్డంగా చీలినప్పుడు, పై పిల్లకణం తలలోనే ఉండి విభజన కొనసాగిస్తుంది, కింది పిల్లకణం గొట్టంలా సాగి తోకలో చేరుతుంది. WOX8/9 అనే నియంత్రక ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువును అణచివేసినప్పుడు ఈ చీలిక దిశ తప్పింది, తలకూ తోకకూ మధ్య హద్దు చెదిరింది.

తోకలోకి దిగిన కణంలో మెటాకాస్పేస్ అనే ప్రోటీన్ కత్తెర పని మొదలుపెడుతుంది. పీటర్ బోజ్కోవ్ అనే శాస్త్రవేత్త బృందం 2004లో దాని మోతాదు తగ్గించి చూసింది. తోక కణాల చావు ఆగడంతోనే సంగతి ముగియలేదు. పిండానికి తల, తోక అనే తేడాయే ఏర్పడలేదు. విభజన చెందే కణాలకు ఒక రూపం రావాలంటే పక్కనున్న కణాలు వేళకు తప్పుకోవాలన్నమాట.

నన్ను అన్నింటికంటే పట్టి నిలిపింది 2009 నాటి ఫలితం. ఈ మెటాకాస్పేస్ కత్తిరించే వాటిలో ట్యూడర్ స్టెఫిలోకాకల్ న్యూక్లియేజ్ అనే ప్రోటీన్ ఒకటి. కణం బతకడానికి అది అవసరం. జంతు కణాల చావును నడిపించే కత్తెర ప్రోటీన్లయిన కాస్పేస్‌లు మొక్కల్లో లేవు, మనలో మెటాకాస్పేస్‌లు లేవు. అయినా మన కణాలు చనిపోయేటప్పుడు కాస్పేస్-3 కూడా ఇదే ప్రోటీన్‌ను ముక్కలు చేస్తుంది. వంద కోట్ల ఏళ్లకు పైగా వేరుపడిన రెండు వంశాల్లో రెండు వేర్వేరు కత్తెరలు ఒకే దారాన్ని తెంపుతున్నాయి.

ఆ చావు కూడా నెమ్మదిగానే జరగాలి. తలకు ఆనుకొని ఉన్న గొట్టపు కణంలో అది అప్పుడే మొదలవుతుంది. కిందికి పోయేకొద్దీ కణం లోపలి ద్రవపు సంచి అయిన రిక్తిక ఉబ్బి, లోపలి జీవపదార్థం కరిగి, చివరి కణంలో గోడ ఒక్కటే మిగులుతుంది. కణం తన పదార్థాన్ని తానే అరిగించుకునే ఆటోఫేజీని అడ్డుకున్నప్పుడు, ఈ కణాలు చావకుండా ఉండలేదు. క్రమం తప్పి, నెక్రోసిస్ అనే అదుపులేని చావు దారిన పోయాయి.