డిగ్రీలో చేరాను, మెడిసిన్ మానలేదు

మెడిసిన్ సీట్ల కోసం రాసే నీట్ ఫలితాలు వచ్చాయి. మా పశ్చిమ గోదావరి జిల్లా కాళ్ళ మండలంలో బైపీసీ చదివిన పిల్లలున్న ఇళ్ళల్లో ఇప్పుడు ఒకటే చర్చ: మళ్ళీ నీట్ రాయడానికి ఏడాది కోచింగ్ ఇచ్చే లాంగ్ టర్మ్‌కి విజయవాడ పంపడమా, ఇక్కడే డిగ్రీలో చేర్చడమా? డిగ్రీ అనగానే చుట్టాలు "పోన్లే, మెడిసిన్ రాసిపెట్టి లేదు" అని తేల్చేస్తున్నారు. ఆ మాట విన్న పిల్లలు కూడా పుస్తకాలు కట్టేసి అటక మీద పెట్టేస్తున్నారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

నేను భీమవరంలో బీఎస్సీ చదువుతున్నాను. జువాలజీ మేజర్, కెమిస్ట్రీ మైనర్. రెండేళ్ళు అయిపోయాయి, మూడో ఏడాదిలోకి వచ్చాను. డిగ్రీ చదువుతూనే నీట్‌కి ప్రిపేర్ అవుతున్నాను. 2025 మే 4న రాశాను, వచ్చిన మార్కులు సీటుకి చాలవు. మళ్ళీ రాస్తాను. నీట్‌కి గరిష్ఠ వయసు పరిమితిని 2022లో తీసేశారు, ఇన్నిసార్లే రాయాలన్న లెక్కా లేదు. దరఖాస్తుకి ఓసీలకు 1,700, ఓబీసీలకు 1,600, ఎస్సీ, ఎస్టీలకు 1,000 రూపాయలు. మా ఇంట్లో లాంగ్ టర్మ్ హాస్టల్ ఫీజు కట్టే పరిస్థితి లేదు. నాన్న లీజుకి తీసుకున్న రెండెకరాల వనామీ రొయ్యల చెరువు ఒక పంట బాగుంటే ఇంకో పంటకి వైట్ స్పాట్ జబ్బు వచ్చి పోతుంది. డిగ్రీ అయితే ఇంట్లో ఉండి, బస్ పాస్ మీద వెళ్ళి రావచ్చు.

మా మావయ్య మాత్రం కనిపించినప్పుడల్లా "రెండు పడవల మీద కాళ్ళు పెట్టకమ్మా, ఏదో ఒకటి గట్టిగా పట్టుకో" అంటాడు. నా మీద ప్రేమతోనే అంటాడు. కానీ ఈ రెండేళ్ళలో నాకు అర్థమైంది ఏమిటంటే, రెండూ చదవొచ్చు. రెండూ ఒకటే చదువు అనుకుంటేనే దెబ్బ తింటాం. బీఎస్సీ జువాలజీ చదువుతున్నాం కదా, నీట్ బయాలజీ దానంతట అదే వచ్చేస్తుంది అనుకుని చేరే పిల్లలు చాలామంది ఉన్నారు. అలా రాదు.

మా ల్యాబ్‌లో రొయ్య ప్రాక్టికల్ గురించి చెబుతాను. రొయ్యకి 19 జతల ఉపాంగాలు, అంటే కాళ్ళు, మీసాల్లాంటి భాగాలు. తలకి 5, ఉరస్సుకి 8, ఉదరానికి 6. ఒక్కోటీ మొదలు దగ్గర ఫోర్సెప్స్‌తో పట్టుకుని, చిరగకుండా ఊడదీసి, వరసగా నల్ల చార్టు మీద పేర్చాలి. దవడ దగ్గరవి గోటి ముక్కంత ఉంటాయి, ఊపిరి తగిలితే ఎగిరిపోతాయి. ఈత కాళ్ళు ఆకుల్లా పల్చగా, అంచుల వెంట సన్నటి నూగుతో ఉంటాయి. చిన్నప్పటి నుంచి మేత చూసే చెక్ ట్రేలో రొయ్యల్ని చూస్తూ పెరిగినదాన్ని, వాటి నోటి దగ్గర ఇన్ని భాగాలున్నాయని ఆ రోజే తెలిసింది. మా మాస్టారు పక్కన నిలబడి "తొందరపడకమ్మా, అది ఎటు వంగుతుందో చూసి అటే లాగు" అన్నారు. ఆ మధ్యాహ్నం నాకు టైమే తెలియలేదు.

ఆ 19 జతల మీద నీట్‌లో ఒక్క ప్రశ్న కూడా రాదు. అక్కడ కావాల్సింది కప్ప, దాని మూడు గదుల గుండె, 10 జతల కపాల నాడులు. అది కూడా ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో ఏ వాక్యం ఎలా ఉందో అలా. డిగ్రీ పరీక్షలో ఎనిమిది మార్కుల ప్రశ్నకి బొమ్మ వేసి మూడు పేజీలు రాస్తాం. నీట్‌లో నాలుగు స్టేట్‌మెంట్లు ఇచ్చి ఏవి సరైనవో అడుగుతారు, దానికి మనకి దొరికేది ఒక్క నిమిషం. ఇక్కడ లోతు కావాలి, అక్కడ కచ్చితత్వం కావాలి. అందుకే నా పుస్తకాలు రెండు అరల్లో వేరువేరుగా పెట్టుకున్నాను. కాలేజీలో ఉన్నంతసేపూ డిగ్రీయే చదువుతాను. ఇంటికొచ్చాక డిగ్రీ పుస్తకం తెరవను, సెమిస్టర్ పరీక్షల ముందు తప్ప.

అలాగని ల్యాబ్‌లో గడిపింది వృథా అనను. ఓపిగ్గా చూడటం, చేతిని వణకకుండా నిలపడం డాక్టర్‌కి ఎప్పటికైనా కావాల్సినవే. మార్కులు మాత్రం దాంతో రావు.

అసలు కష్టం ఫిజిక్స్. నీట్‌లో మొత్తం 180 ప్రశ్నలు, 720 మార్కులు. బయాలజీ 90 ప్రశ్నలు, కెమిస్ట్రీ 45, ఫిజిక్స్ 45. ఒప్పయితే 4, తప్పయితే ఒకటి పోతుంది. కీ చూసి లెక్కేసుకుంటే నాకు బయాలజీలో 360కి 273, ఫిజిక్స్‌లో 180కి 41 వచ్చాయి. ఈసారి పేపర్లో ఫిజిక్స్ చాలామందిని ఏడిపించింది. 2024లో చివరికి సవరించిన ఫలితాల్లో 17 మందికి 720కి 720 ఉంటే, 2025లో మొదటి ర్యాంకుకే 686. కానీ పేపర్ అందరికీ ఒకటే. పైగా మాలాంటి వాళ్ళకి ఇంకో చిక్కుంది. జువాలజీ మేజర్, కెమిస్ట్రీ మైనర్ తీసుకుంటే డిగ్రీలో ఫిజిక్స్ ముఖమే కనపడదు. ఇంటర్ అయిపోయిన రోజు నుంచి మళ్ళీ పరీక్ష దాకా ఎవరూ మనకి ఒక్క లెక్క చెప్పరు. మనంతట మనమే కూర్చోవాలి. కెమిస్ట్రీకి ఆ ఇబ్బంది లేదు, ఆర్గానిక్ మైనర్‌లో ఎలాగూ వస్తుంది.

నాకు ఫిజిక్స్ మీద భయం కొంత పోయింది మా చెరువు దగ్గరే. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. రాత్రంతా ఎండ లేక నాచు ఆక్సిజన్ తయారు చేయదు, పైగా తనే వాడుకుంటుంది. అందుకని నాన్న మూడింటికే లేచి నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో చూసుకుంటాడు. కరెంటు పోతే జనరేటర్ వేయాలి, ఆలస్యమైతే రొయ్యలు తేలిపోతాయి. ఆయనతో పాటు నేనూ లేస్తాను. ఫిజిక్స్‌కి నేను పెట్టుకున్న టైమ్ అదే.

ఒకరోజు పని, శక్తి, సామర్థ్యం చాప్టర్‌లో పంపు లెక్క దగ్గర ఆగిపోయాను. నాన్నని అడిగాను, మన మోటారు ఎంత అని. 5 హెచ్‌పీ అన్నాడు. కాలవలో నీటి మట్టం నుంచి చెరువులోకి ఎంత ఎత్తుకి తోడుతుంది అంటే, రెండు మీటర్లు ఉంటుందన్నాడు. ఒక హెచ్‌పీ 746 వాట్లు, అంటే 5 హెచ్‌పీకి 3,730 వాట్లు. ఒక లీటరు నీటిని రెండు మీటర్లు ఎత్తడానికి, గురుత్వ త్వరణం 10 అనుకుంటే, 20 జౌళ్ళు కావాలి. భాగిస్తే సెకనుకి 186 లీటర్లు. "అంత రాదమ్మా, అందులో సగం వస్తే గొప్పే" అన్నాడు నాన్న. ఆ సగమే దక్షత. పుస్తకంలో 50 శాతం అని ఇచ్చి మిగతాది కనుక్కోమంటారే, అదే. పదో తరగతి దాటని మా నాన్నకి ఆ జవాబు అనుభవంతో తెలుసు. అప్పట్నుంచి ఏ చాప్టర్ మొదలుపెట్టినా సూత్రం కంటే ముందు, మా ఊళ్ళో ఇది ఎక్కడ జరుగుతోందా అని వెతుకుతున్నాను. ద్రవ పీడనానికి లాకుల గేట్లున్నాయి, కాలవ అడుగున నీటి ఒత్తిడి ఎంతో లెక్కేయొచ్చు. అన్నిటికీ ఇలా దొరకవు. భ్రమణ గతి నాకింకా మింగుడు పడటం లేదు, దాన్ని ఈ జులైలో పూర్తి చేయాలి.

క్లాసులకి డబ్బు కట్టలేని వాళ్ళు ఐఐటీ కాన్పూర్ వాళ్ళతో కలిసి కేంద్ర విద్యాశాఖ నడిపే సాథీ పోర్టల్ చూడండి, ఉచితం. మిగతాది పాత పేపర్లే. నేను ప్రతి ఆదివారం మధ్యాహ్నం రెండింటి నుంచి ఐదింటి దాకా పాత పేపరు రాస్తాను. అసలు పరీక్ష కూడా ఆ టైమ్‌లోనే ఉంటుంది. భోజనం చేశాక కళ్ళు మూతలు పడే వేళ అది, మేలో అయితే ఉక్కపోత. ఆ టైమ్‌కి బుర్ర పనిచేయడం అలవాటు కావాలి. 2025 నుంచి 180 ప్రశ్నలకి 180 నిమిషాలే. అంతకుముందు మూడేళ్ళు 200 నిమిషాలు, సెక్షన్ బీలో ఛాయిస్ ఉండేవి, ఇప్పుడు రెండూ పోయాయి. నేను బయాలజీ ముందు ముగించి, కెమిస్ట్రీ చేసి, ఫిజిక్స్‌కి కనీసం గంట మిగిలేలా చూసుకుంటాను. జవాబుల గడులు నింపే ఓఎంఆర్ షీటు ఏ సబ్జెక్ట్ అయిపోతే దానికి అప్పుడే దిద్దేస్తాను. తెలుగు మీడియం పిల్లలు తెలుగు పెట్టుకుంటే ప్రశ్నలు రెండు భాషల్లోనూ ఉంటాయి. తేడా వస్తే ఇంగ్లీషుదే ఖాయం, కాబట్టి అనుమానం ఉన్నచోట అది కూడా చదవండి.

అమ్మానాన్నలకి కాగితాల గురించి ఒక్కమాట చెప్పాలి. దీని మీద ఎవరూ శ్రద్ధ పెట్టరు, తీరా అవసరం వచ్చినప్పుడు పరుగులు పెడతారు. డిగ్రీలో చేరేటప్పుడు టీసీ, ఇంటర్ మార్కుల మెమో ఒరిజినల్స్ కాలేజీలో ఇస్తాం. ఇచ్చేముందు అన్నీ రంగుల్లో స్కాన్ చేయించి పెట్టుకోండి. మన రాష్ట్ర కోటా కౌన్సెలింగ్ విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం చేస్తుంది. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, అప్‌లోడ్‌కి స్కాన్లు చాలు. సీటు వచ్చి చేరేటప్పుడు మాత్రం ఒరిజినల్స్ కావాలి. మా సీనియర్ అక్క ఒకామెకి సీటు వచ్చాక ఆమె చదివే కాలేజీ మిగిలిన ఏళ్ళ ఫీజు కూడా కడితేగానీ టీసీ ఇవ్వమంది. చేరే గడువు రెండు రోజులుందనగా వాళ్ళ నాన్నగారు అప్పు తెచ్చి కట్టారు. ఆమె ఏడుపు నేను చూశాను. అందుకే చేరేరోజే అడగండి: "మధ్యలో మెడిసిన్ సీటు వస్తే టీసీ ఎలా ఇస్తారండి?" అని. అలా అడగడం తప్పు కాదు. 6వ తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, కుల ధృవీకరణ, ఆదాయ ధృవీకరణ ఇప్పుడే సిద్ధం చేసుకోండి. అఖిల భారత కోటా 15 శాతం సీట్లకి ఓబీసీ పత్రం కేంద్రం నమూనాలో ఉండాలి, మన బీసీ సర్టిఫికెట్ ఒక్కటీ అక్కడ సరిపోదు.

సీట్లు లేవని ఎవరైనా నిరుత్సాహపెడితే ఇది చెప్పండి. మా అమ్మ చదువుకునే రోజుల్లో ఉభయ గోదావరి జిల్లాల్లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ అంటే కాకినాడ రంగరాయ ఒక్కటే, 1958లో పెట్టింది. 2023లో ఏలూరులో, రాజమహేంద్రవరంలో, పక్కనే మచిలీపట్నంలో కొత్తవి మొదలయ్యాయి, ఒక్కోదాంట్లో 150 సీట్లతో. ఏలూరు మా ఊరి నుంచి పొద్దున వెళ్ళి సాయంత్రం రాగలిగేంత దూరం.

ఇంత కష్టం ఎందుకు, బీఎస్సీ తర్వాత ఎమ్మెస్సీ చేసి ఆక్వా ల్యాబ్‌లో చేరొచ్చుగా అని అడుగుతారు. అది మంచి ఉద్యోగమే. మొదటి ఏడాది అయ్యాక డిగ్రీలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ చేయాలి. నేను రొయ్యల షెడ్డులో తలలు తీసే ఆడవాళ్ళ ఆరోగ్యం తీసుకున్నాను. మా వీధి పిన్నులు, అత్తలే వాళ్ళంతా. ఐసు నీళ్ళలో గంటల తరబడి చేతులు పెట్టి, వేళ్ళ సందుల్లో చర్మం తెల్లగా నాని, పగిలి, రొయ్య ముల్లు గుచ్చుకున్నచోట చీము పట్టి ఉంటుంది. ఒక అత్త చూపుడు వేలు సగం వంగదు. "ఎవరికి చూపించావత్తా?" అంటే "చూపిస్తే ఆ పూట కూలి పోద్దమ్మా, పసుపు రాసుకున్నా" అంది. నేను ఆ వేలు చూసి ఫారంలో టిక్ పెట్టి వచ్చేశాను. అంతకంటే చేయడానికి నాకు చదువు లేదు. ఆ చదువు కావాలి నాకు.

డిగ్రీ వచ్చే మార్చికో ఏప్రిల్‌కో చివరికొస్తుంది, నీట్ మేలో. ఆరో సెమ్ పరీక్షలూ నీటూ దగ్గర దగ్గరగా పడతాయి కాబట్టి డిగ్రీ రికార్డులు, అసైన్‌మెంట్లు జనవరిలోపే ముగించాలని ఇప్పుడే రాసుకున్నాను. 75 శాతం హాజరు తప్పదు, దానికి సెలవులు కూడా లెక్క చూసుకునే పెట్టాలి.

కాళ్ళ, ఉండి, ఆకివీడు వైపు డిగ్రీలో చేరి, ఇంకా మెడిసిన్ కావాలనుకునే చెల్లెళ్ళు, తమ్ముళ్ళు ఎవరైనా ఉంటే ఆదివారం రెండింటికి మా ఇంటి అరుగు మీద కలిసి పేపరు రాద్దాం. ఓఎంఆర్ షీట్లు ప్రింట్ తీయించి పెడతాను. నీలం బాల్ పెన్ను, నీళ్ళ సీసా తెచ్చుకోండి. ఐదు దాటాక తప్పులు కలిసి చూసుకుందాం, ఫిజిక్స్‌తో మొదలుపెట్టి.