కథారచన నేర్పడంలో కల్పన, సందేశం: నా అనుభవం

అనంతపురం జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు బోధించే నేను తొమ్మిదో తరగతి పిల్లల చేత కథలు రాయించాలని పూనుకున్నప్పుడు, వ్యాసరచన పోటీలకు అలవాటుపడిన ఆ పిల్లలు, నీళ్ల మీద కథ రాయమంటే, "నీటిని పొదుపుగా వాడుకోవాలి" అన్న వాక్యం దగ్గరికి చేరడానికే ఒక రామయ్యనూ ఒక సోమయ్యనూ పుట్టించారు. సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్లకు అటూఇటూగా ఉండే ఈ జిల్లాలో నీటి కష్టం వాళ్లకు తెలియనిది కాదు. తెలిసినదేదీ కాగితం మీదికి రాలేదు.

అందుకని నీతిని కాసేపు పక్కనపెట్టమని, బోరు వేసిన రోజు ఎవరింట్లో ఏం జరిగిందో చెప్పమన్నాను. నీళ్లున్నచోట టెంకాయ నిక్కి నిలబడుతుందన్న నమ్మకంతో దాన్ని అరచేతిలో పెట్టుకుని చేనంతా తిరిగిన పెద్దాయన బోరు పాయింటు చూపించడం, బండి వచ్చి రాడ్డు మీద రాడ్డు దింపుతున్నా తెల్లటి దుమ్ము తప్ప తడి మట్టి రాకపోవడం, అడుగుల లెక్కన డబ్బు కట్టాలి కనుక వాళ్లమ్మ దిగిన ప్రతి రాడ్డునూ వేళ్ల మీద లెక్కపెట్టుకోవడం ఒక అబ్బాయి చెప్పాడు. "ఇదంతా జరిగిందే కదా సార్, కథ ఎట్లయితాది?" అని కూడా అడిగాడు. ఎంతో విలువైన ప్రశ్న అది. ఆ సంగతిని టెంకాయే చెబితే ఎట్లుంటుంది, అక్కడ నీళ్లు పడవని దానికి ముందే తెలిసివుంటే ఏం చేస్తుంది అని తిరిగి అడిగాను.

అతను రాసుకొచ్చిన కథలో ఆ టెంకాయ అరచేతిలో నిక్కకుండా ఉండాలని శాయశక్తులా ప్రయత్నిస్తుంది, గట్టు మీద చేతులు జోడించి నిలుచున్న తల్లిని చూసి, మనసొప్పక లేచి నిలబడుతుంది. పొదుపు అన్న మాట ఎక్కడా లేకపోయినా అప్పూ, ఆశా, అడుగంటిన భూగర్భజలమూ అందులో ఉన్నాయి.

అంతమాత్రాన సందేశం అక్కర్లేదని నేను అనను. మరికొందరు ఎగిరే గుర్రాలతో పేజీలు నింపారు గానీ, ఆ కథలో ఎవరికి ఏం పోయిందంటే చెప్పలేకపోయారు. వాళ్లకు వేమనను గుర్తుచేశాను. ఉప్పూ కర్పూరమూ చూపించి, నాలుక మీద రుచి తగిలించిన తర్వాతే ఆయన మనుషుల మాట ఎత్తాడు.

ఇప్పుడు నీతి వాక్యాన్ని నోటుపుస్తకం చివరి పేజీలో విడిగా రాసుకోమంటున్నాను. ఆ వాక్యం చూడకుండా కథ చదివిన తోటి విద్యార్థి దానికి దగ్గరి మాట చెప్పగలిగితే సరే. లేకపోతే ఆ వాక్యాన్ని కథలో కలపనివ్వను, ఏ సన్నివేశం తక్కువైందో వెతకమంటాను.