అడుగున ఎర్రటి చుక్క

మంగళవారం. గర్భిణుల ఓపీ ఉన్న రోజు. అమీర్‌పేటలో మెట్రో మారి బ్లడ్ బ్యాంకుకు చేరేసరికే ట్రే నిండా శాంపిళ్లు. ఎక్కువ గ్రూపింగ్‌వే. కొన్ని మాత్రం ఐసీటీకి, అంటే తల్లి రక్తంలో పాజిటివ్ కణాల మీద యాంటీబాడీలు ఉన్నాయేమో చూసే పరీక్షకు. తల్లిది నెగటివ్ గ్రూపు, భర్తది పాజిటివ్ అయిన కేసులవి.

ఈ పరీక్ష చేయడం నాకిష్టం. జెల్ కార్డులో ఆరు సన్నటి గొట్టాలుంటాయి. అందులో పాజిటివ్ ఎర్ర కణాలు, వాటి మీద తల్లి ప్లాస్మా వేసి, 37 డిగ్రీల దగ్గర పావుగంట ఉంచి తిప్పుతాం. తల్లి రక్తంలో యాంటీబాడీలు లేకపోతే కణాలన్నీ జెల్‌లోంచి జారి అడుగున ఎర్రటి చుక్కలా చేరతాయి. ఉంటే, ఒకదానికొకటి అతుక్కుని కిందికి దిగలేక పైనే గీతలా ఆగిపోతాయి. ఇవాళ ఒక్కటి తప్ప అన్నీ చుక్కలే. ఆ ఒక్క గీతను వెలుతురుకు పెట్టి మళ్లీ చూశాను, మళ్లీ వేసి చూశాను. గీతే. కేసు షీటులో మొదటిది అబార్షన్ అని ఉంది. దాని తర్వాత ఈ యాంటీబాడీలు తయారవకుండా ఆపే యాంటీ-డి ఇంజెక్షన్ ఇచ్చినట్టు ఎక్కడా లేదు.

రిపోర్టుకు అత్తాకోడళ్లిద్దరూ వచ్చారు. "బిడ్డా, మావోడి రక్తానికి, కోడలి రక్తానికి పడ్తలేదంట గదా. ముందే తెలిస్తే ఈ సంబంధం చేసుకోకపోదుము" అంది అత్తగారు. ఆమె గొంతులో కోపం లేదు, భయమే ఉంది. కానీ కోడలు చేతిలోని కవరు అంచు మడుస్తూ, విప్పుతూ తల దించుకుంది. "పెద్దమ్మా, ఇందులో ఎవరి తప్పూ లేదు. డాక్టర్ మేడమ్ అన్నీ చెప్తారు, వెళ్లండి" అన్నాను. వెనక క్యూ ఉంది. అప్పుడక్కడ చెప్పలేకపోయినదంతా ఈ రాత్రి కూర్చుని రాస్తున్నాను.

బిడ్డలో సగం తండ్రిదే. పరాయివాళ్ల చర్మం ముక్క అతికిస్తే ఊడగొట్టే ఒళ్లు, సగం పరాయిదైన బిడ్డను తొమ్మిది నెలలు ఎలా మోస్తుంది? 1953లో బ్రిటిష్ శాస్త్రవేత్త పీటర్ మెడవార్ ఈ ప్రశ్న వేశాడు. మూడు జవాబులు ఊహించాడు. తల్లికీ బిడ్డకీ మధ్య అడ్డుగోడ ఉండి ఉండాలి, లేదా బిడ్డ కణాలు ఇంకా గుర్తుపట్టేంత ఎదిగి ఉండకూడదు, లేదా తల్లి ఇమ్యూనిటీ మందగించి ఉండాలి. ఆ తర్వాతి పరిశోధనల్లో మూడూ పూర్తిగా నిలబడలేదు. తల్లి ఇమ్యూనిటీ మందగించదని తేలడమే నాకు అన్నిటికంటే గొప్పగా అనిపిస్తుంది.

గర్భసంచి గోడకు ఆనుకుని ఉండే మాయ (ప్లాసెంటా) కణాలు, మార్పిడి చేసిన అవయవాన్ని ఒళ్లు తిప్పికొట్టడానికి కారణమయ్యే హెచ్‌ఎల్‌ఏ-ఎ, బి గుర్తులను బయటికి చూపించవు. బదులుగా హెచ్‌ఎల్‌ఏ-జి అనే ఇంకో గుర్తును చూపిస్తాయి. మొదటి నెలల్లో ఆ గోడలో ఉండే తెల్ల కణాల్లో ఎక్కువ భాగం ఎన్‌కే కణాలే. పేరు 'నేచురల్ కిల్లర్', అక్కడ చేసేది మాత్రం తల్లి రక్తనాళాలు వెడల్పయ్యేందుకు సాయం చేయడం, బిడ్డకు రక్తం బాగా అందేలా చూడటం. ఇక రెగ్యులేటరీ టీ కణాలు. మన కణాల మీద మనమే దాడి చేసుకోకుండా ఆపేవి ఇవే. వీటిని బయటపెట్టినందుకే 2025లో షిమోన్ సకగుచి, మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లకు నోబెల్ వచ్చింది. గర్భంలో బిడ్డను కాచుకోవడంలోనూ వీటికి పెద్ద పాత్ర ఉంది. ఇంతమంది పనిచేస్తుంటే ఒళ్లు బిడ్డను వద్దంటోందని ఎలా అంటాం?

మరి ఆ గీత ఎందుకొచ్చింది? ఈ ఏర్పాటంతా మాయ దగ్గర. పాజిటివ్ బిడ్డ ఎర్ర కణాలు నెగటివ్ తల్లి రక్తంలోకి వచ్చి పడితే అక్కడ ఈ మినహాయింపు లేదు. ఎక్కువగా కాన్పప్పుడే కలుస్తాయి కాబట్టి మొదటి బిడ్డకు సాధారణంగా ఏమీ కాదు. తల్లి ఒంట్లో తయారైన యాంటీబాడీలు తర్వాతి పాజిటివ్ బిడ్డ దాకా వెళ్లి దాని ఎర్ర కణాలను పగలగొడతాయి. బాధ కలిగించే విషయం ఏంటంటే, పుట్టిన కొత్తలో బిడ్డను జబ్బుల నుంచి కాపాడే తల్లి యాంటీబాడీలు వెళ్లే దారి కూడా అదే.

యాంటీ-డి ఇంజెక్షన్ తల్లి ఒళ్లు ఆ కణాలను గుర్తుపెట్టుకోకముందే వాటిని తీసేస్తుంది. 28వ వారంలో ఒకటి, బిడ్డ పాజిటివ్ అయితే కాన్పయ్యాక 72 గంటల్లోపు ఇంకొకటి. అబార్షన్‌లోనూ కణాలు కలవొచ్చు కాబట్టి అప్పుడూ కావాలి, చాలామంది వదిలేసేది అక్కడే. యాంటీబాడీలు ఒకసారి తయారయ్యాక ఇంజెక్షన్ వల్ల లాభం లేదు. ఆ మందు కూడా మనుషుల ప్లాస్మా నుంచి వచ్చేదే. ఆస్ట్రేలియాలో జేమ్స్ హారిసన్ అనే ఆయన మొత్తం 1173 సార్లు దానం చేశాడు, ఆయన ప్లాస్మాతో ఈ మందు చేశారు. 2025లో పోయాడు. ఆ పెద్దాయనకు మనసులో ఎన్నిసార్లు దండం పెట్టుకున్నానో.

లంచ్‌లో హెచ్‌ఎల్‌ఏ ల్యాబ్ అక్క ఇంకో సంగతి చెప్పింది. ఒకామెకు కిడ్నీ కావాలి. ఇవ్వడానికి భర్త సిద్ధం, గ్రూపు కూడా కలిసింది. ఆమె రక్తంలో భర్త కణాల మీద యాంటీబాడీలున్నాయేమో చూసే క్రాస్‌మ్యాచ్ మాత్రం పాజిటివ్, అంటే ఆ కిడ్నీ పెట్టడానికి లేదు. ఆమెకు ముగ్గురు పిల్లలు. ఆ కాన్పుల్లోనే ఆమె ఒళ్లు భర్త గుర్తులను పసిగట్టి యాంటీబాడీలు చేసి పెట్టుకుంది. అన్నం కలుపుతూ ఆగిపోయాను. వాళ్లలో సగం ఎవరిదో ఆమె ఒంటికి బాగా తెలుసు, తెలిసి కూడా ముగ్గురినీ నెలలు నిండే దాకా మోసింది.

మూడింటికి ఆ కోడలు ఒక్కతే మళ్లీ కిటికీ దగ్గరికి వచ్చింది. "అక్కా, నా ఒళ్లే బిడ్డను వద్దంటుందా?" అంది. టైటర్, అంటే యాంటీబాడీల మోతాదు, తక్కువే ఉంది, మేడమ్ స్కానింగ్‌లో బిడ్డను చూస్తూ ఉంటామన్నారట. అవసరమైతే కడుపులో ఉండగానే బిడ్డకు రక్తం ఎక్కించే వైద్యం కూడా ఉందని చెప్పారట. నేను కూర్చోబెట్టి, మాయ గురించి, కాపలా కణాల గురించి నాకొచ్చిన మాటల్లో చెప్పాను. "మా అత్తమ్మకు కూడా చెప్పక్కా" అంది. బయట బెంచీ మీద నుంచి ఆమెనూ పిలిచి మళ్లీ మొదటి నుంచి చెప్పాను. పెద్దావిడ అంతా విని, "అయితే గా అబార్షన్ అయినప్పుడే సూది వెయ్యాలె గదా, మాకెవరు చెప్పిన్రు?" అంది.

రేపు మా మేడమ్‌ను అడగాలి. నెగటివ్ గ్రూపు వచ్చిన ప్రతి గర్భిణి రిపోర్టు కింద అబార్షన్ సంగతి, 72 గంటల సంగతి పెద్ద అక్షరాల్లో తెలుగులో, ఉర్దూలో అచ్చు వేయించమని.