సిసెరో ఉత్తరాల్లోకి నాకు దొరికిన దారి

ప్రాచీన రోమ్ రాజకీయ నాయకుడు, వక్త సిసెరో తన స్నేహితుడు అట్టికస్‌కు రాసిన ఉత్తరాలు నాలుగు వందలకు పైగా మిగిలాయి. మొదటిసారి ఇంగ్లిష్ అనువాదం పట్టుకున్నప్పుడు ఇరవై కూడా దాటలేకపోయాను. ఎన్నికలు, అప్పులు, ఒకే పేరున్న నలుగురు మనుషులు. పైగా అట్టికస్ జవాబులు ఒక్కటీ మిగల్లేదు. ఫోన్‌లో ఒకవైపు మాటలే వింటున్నట్టుండేది.

రెండోసారి తేదీల ప్రకారం చదివాను. పాత వరుస కాలక్రమం కాదు. అన్నిటికంటే ముందుది, క్రీ.పూ. 68 నాటిది, మొదటి పుస్తకంలో ఐదోదిగా ఉంది. ఇంకో పని, నోట్‌బుక్‌లో చుట్టరికాలు రాసుకున్నాను. అట్టికస్ తోబుట్టువు పొంపోనియాను సిసెరో తమ్ముడు క్వింటస్ చేసుకున్నాడు. అంటే సిసెరోకు మరదలు. ఆ వరస తెలిశాక ఉత్తరాలు మనవాళ్ళ ఇంటి కబుర్లలా వినిపించాయి.

క్రీ.పూ. 51 మే నాటి ఉత్తరం చూడండి. సిసెరో గవర్నరుగా సిలీషియా అనే రోమన్ రాష్ట్రానికి వెళ్తూ దారిలో తమ్ముడి ఎస్టేట్‌లో ఆగాడు. ఆ రోజు పండగ. "పొంపోనియా, ఆడవాళ్ళను నువ్వు పిలు, మగవాళ్ళను నేను పిలుస్తాను" అన్నాడు క్వింటస్, మెత్తగానే. అందరూ వింటుండగా ఆవిడ, "ఇక్కడ నేనే చుట్టాన్ని" అంది. భోజనాల ఏర్పాటుకు క్వింటస్ దగ్గర పనిచేసే స్టాటియస్ అనేవాణ్ని ముందే పంపారని కోపం కావచ్చని సిసెరో ఊహ. "చూశావా, రోజూ నాకిదే" అన్నాడు తమ్ముడు. ఆవిడ భోజనానికి రాలేదు. పళ్ళెం పంపిస్తే తిప్పి పంపింది.

తప్పంతా మరదలిదే అంటాడు సిసెరో, అదీ ఆమె తోబుట్టువు అట్టికస్‌కే రాస్తూ. నేను మాత్రం పొంపోనియా వైపే. తన ఇంట్లో వంటింటి పెత్తనం ఇంకొకరికి అప్పగిస్తే ఏ ఇల్లాలికి బాధ ఉండదు? ఆమె రాసిన ఉత్తరం ఒక్కటైనా మిగిలుంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

క్రీ.పూ. 45 దగ్గర నా చదువు నెమ్మదించింది. ఫిబ్రవరిలో కూతురు తుల్లియా కాన్పు తర్వాత చనిపోయింది. సిసెరో సముద్రం ఒడ్డున అస్తురాలో ఒంటరిగా ఉంటూ దాదాపు రోజూ రాశాడు. పొద్దున్నే దట్టమైన అడవిలోకి వెళ్తే సాయంత్రం దాకా బయటికి రానంటాడు. ఆ ఉత్తరాలను రోజుకొకటి మించి చదవలేకపోయాను. కూతురి పేరున గుడి కట్టించాలని ఆయన పట్టు. రోమ్‌లో టైబర్ నది అవతల తోటలు ఎవరివి, అమ్ముతారా, ఎంతకిస్తారు? ఇవే ప్రశ్నలు, ఉత్తరం తర్వాత ఉత్తరంలో, వేసవి దాకా.