ఈసారి టికెట్ నేనే కొన్నాను

హైదరాబాద్ నుంచి తిరుపతి దాకా జరిగిన ప్రయాణం గురించి చెప్పేదేమీ లేదు. సంక్రాంతికి ప్రైవేటు బస్సుల వాళ్ళు రెండింతలు గుంజుతారని అందరికీ తెలిసిందే, నేనూ ఇచ్చుకున్నాను. తెల్లారి ఆరింటికి లీలామహల్ సర్కిల్లో దించేశాడు. అక్కడి నుంచి ఆర్టీసీ బస్టాండుకు ఆటో రెండు వందలట. "కొండకు కాదన్నా, బస్టాండుకే" అంటే "తెలుసు మేడమ్, పండగ కదా" అన్నాడు. "ఏమబ్బా, ఈడికి ఈడికే రెన్నూర్లా? మేం యాడో పరాయోళ్ళం అనుకుంటివా" అన్నాక నూటయాభైకి దిగాడు. ఆ యాస నాకు అంటించింది మా మేనత్త. కాబట్టి ఆ యాభై రూపాయలు ఆమె ఖాతాలోనే రాసుకున్నాను.

తిరుపతి దాకా వెళ్ళి దర్శనం చేసుకోలేదా అని అడిగేవాళ్ళకు ముందే చెప్తున్నా, చేసుకోలేదు. లడ్డూలూ తేలేదు. నేను వెళ్ళింది అత్తకు చీర పెట్టడానికి. పోయిన జూలైలో పోయింది. మా ఇళ్ళల్లో ఏడాది తిరిగేదాకా పండగ చేసుకోరు గానీ, సంక్రాంతి పెద్దల పండగ కాబట్టి పోయినవాళ్ళకు కొత్తబట్టలు మాత్రం పెడతారు. చీర కొనేటప్పుడు షాపతను "ఎవరికి మేడమ్, వయసెంత?" అన్నాడు. డెబ్భై ఒకటి అన్నాను. లేత రంగులన్నీ తెచ్చి ముందు పోశాడు. ముదురాకుపచ్చ తియ్యమంటే నన్ను వింతగా చూశాడు. అత్త లేత రంగులను "ఉతికి ఉతికి వెలిసినట్టుండాయి" అనేది.

చిత్తూరు ఎక్స్‌ప్రెస్ ఎక్కేసరికి సీట్లు నిండిపోయాయి. ముప్పావు వంతు ఆడవాళ్ళే. ఒక ముసలావిడ ఒళ్ళో అనపకాయల సంచి పెట్టుకుని, కొంచెం జరిగి చోటిచ్చింది. చంద్రగిరి దాటాక కండక్టర్ వచ్చాడు. ఆంధ్రాలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు పల్లెవెలుగులోనూ ఎక్స్‌ప్రెస్‌లోనూ ఉచితం కదా, అందరూ ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుంటున్నారు. నేనూ దర్జాగా నా కార్డు చూపించాను.

"ఇది తెలంగాణ అడ్రస్సు మేడమ్. చెల్లదు."

హైదరాబాద్‌లో ఇదే కార్డుతో రెండేళ్ళుగా ఊరంతా తిరుగుతున్నాను. పుట్టింది చిత్తూరులో, చదివింది తిరుపతిలో, ఈ రోడ్డు మీద వెయ్యిసార్లు తిరిగి ఉంటాను. అదంతా ఆ చిన్న కార్డు మీద లేదు. పక్కావిడ ఊరుకోలేదు. "బిడ్డ మన పక్కదే కదా నాయనా, మాట చూస్తే తెలీలా?" అంది. "మాటకు టికెట్ రాదవ్వా, అడ్రస్సుకు వస్తాది" అని అతను మిషన్ నొక్కాడు. తప్పు అతనిది కాదని తెలిసినా ఒళ్ళు మండింది. పూతలపట్టుకు టికెట్ కొన్నాను. చిల్లర తర్వాత ఇస్తానన్నాడు.

అవ్వ నన్ను ఒకసారి ఎగాదిగా చూసి, సంచితో సహా లేచి, "ఇట్లా రా. దుడ్లు ఇచ్చినదానివి, కిటికీ నీదే" అంది.

నవ్వాపుకోలేకపోయాను. అత్త ఉంటే ఈ మాటను ఊళ్ళో పది ఇళ్ళకు మోసుకెళ్ళి చెప్పేది.

ఎందుకంటే బస్సులో టికెట్ అంటే మా అత్తకు పిచ్చి. ఆమె ఉన్న బస్సులో తెలిసినవాళ్ళు ఎవరూ టికెట్ కొనడానికి లేదు. ఎక్కగానే బొడ్లో సంచి తీసి, కండక్టర్ వెనక నిలబడి, "ఆ ఎర్రచొక్కాయనకు ఒకటి, ఆ చంటిబిడ్డ తల్లికి ఒకటి, ఈ పాపకు హాఫ్ కొట్టబ్బా" అని లెక్క చెప్పేది. మామ గొణిగేవాడు. ఒకసారి పొలం గట్టు దగ్గర ఏడాదిగా తగాదా పడుతున్న మనిషి అదే బస్సెక్కాడు. అతనికీ కొనేసింది. మామ అడిగితే, "గట్టు తగాదా గట్టు కాడ. బస్సులో మనకేం పేచీ?" అంది. అతను పూతలపట్టులో దిగేదాకా తల ఎత్తలేదు. గట్టు మాత్రం ఇప్పటికీ అట్లాగే ఉంది, ఆమె ఒక్క అడుగు కూడా వదల్లేదు.

కొండ నుంచి దిగేటప్పుడూ ఇదే వరస. లడ్డూలు బస్సులోనే పంచేది. మేం ఇంటికి చేరేసరికి కవర్లో మిగిలేది పలుకులూ, రెండు జీడిపప్పులూ. మళ్ళీ "పెసాదం కొంచెమైతేనే పెసాదం" అని సమర్థింపు.

నేను పద్మావతి మహిళా యూనివర్సిటీలో చదివేటప్పుడు రెండు ఆదివారాలకొకసారి ఈ బస్సులోనే వచ్చేది. క్యారియర్‌లో నలుగురికి సరిపడా సంగటి, ఊరిబిండి. చలికాలమైతే పితికిపప్పు. రూమ్మేట్లు నాకంటే ముందు గేటు దగ్గర ఉండేవాళ్ళు. వాళ్ళు తిన్నాక మేమిద్దరం గోవిందరాజస్వామి గుడి దాకా వెళ్ళి, సన్నిధి వీధిలో గాజులు చూసి, కొనకుండా వచ్చేవాళ్ళం. ఇప్పుడు నా భర్త అయిన మనిషి గురించి మొదట చెప్పింది ఆ వీధిలోనే, ఆమెకే. చాలాసేపు గాజుల వైపే చూసి, "తినేదానికి పేచీ పెట్టే రకమా?" అని అడిగింది. కాదన్నాను. "అయితే మీ నాయనకు నేను చెప్తాలే, నువ్వు పరీక్షలు రాయి" అంది. రెండేళ్ళు ఎవరికీ చెప్పలేదు. తర్వాత చెప్పినరోజు, నాన్న ఒప్పుకునేదాకా తమ్ముడి ఇంట్లో పచ్చి మంచినీళ్ళు ముట్టనని కూర్చుందట. నాకు ఈ సంగతి పదేళ్ళ తర్వాత అమ్మ చెప్పింది.

నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను గానీ దారి ఎట్లా గడిచిందో తెలియదు. తిరుపతి 2022లో వేరే జిల్లా అయినప్పుడు "వెంకన్నసామిని పక్క జిల్లా చేసేసినారు చూడు" అని అత్త ఫోన్‌లో అరగంట తిట్టింది. ఆ జిల్లా పొలిమేర ఈ రోడ్డు మీద ఎక్కడ వస్తుందో చూద్దామనుకుని మరిచిపోయాను.

తోటలు మొదలయ్యాక అవ్వ తోతాపురి మామిడి ధర ఎత్తింది. పోయిన వేసవి సంగతి ఇక్కడ ఎవరూ మరవలేదు. కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 ఇస్తాయని చెప్పారు. కాయ దింపడానికి గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి బారులు తీరాయి. మా ఊరి దగ్గరి ఫ్యాక్టరీ ముందు కూడా అంతే. అత్త రోజూ బిందెతో మజ్జిగ పట్టుకుని ఆ వరుస వెంట నడిచేది. ఎండలో వద్దంటే బావ మీద అరిచేదట. వరుస ఇంకా తరగకముందే ఒక తెల్లవారుజామున నిద్రలోనే పోయింది. పాడె రోడ్డెక్కినప్పుడు ట్రాక్టర్ల దగ్గరి నుంచి పదిమంది దాకా వచ్చి వెనక నడిచారు. వాళ్ళెవరో మాలో ఎవరికీ తెలియదు.

ఉచిత బస్సు వచ్చింది సరిగ్గా ఆ తర్వాతి నెలలో. ఉండి ఉంటే సంతోషించేదా, తన పని పోయిందని అలిగేదా? అలిగేదనే నా అనుమానం.

పూతలపట్టులో దిగి ఇంటికి వెళ్ళేసరికి బావా వాళ్ళు వాడిపోయిన ముఖాలతో ఉన్నారు. ముగ్గు లేదు. ఆ రోజు ఎట్లా గడిచిందో రాయను. రాత్రి మాత్రం బావ భార్య, నేను అక్కా అంటాను, నానబెట్టిన అనపగింజల గిన్నె తెచ్చి మధ్యలో పెట్టింది. బొటనవేలితో ఒక్కొక్క గింజ నొక్కితే పొట్టు వేళ్ళ మధ్య ఉండి పప్పు ఎగిరి పడుతుంది. అత్త పితికితే పప్పులన్నీ గిన్నెలోనే పడేవి. మావి సగం నేల మీద. పన్నెండింటి దాకా వేళ్ళు ముడతలు పడేటట్టు పితికాం. తెల్లారి కూర వండి, ఫోటో ముందు విస్తరేసి, పక్కన చీర పెట్టాం. కూరలో ఉప్పు తక్కువైంది. ఎవరూ అనలేదు.

పెట్టిన చీర ఇంటి కోడలు కట్టుకోవాలని ఆనవాయితీ. అక్క మధ్యాహ్నం దాకా ఆగి, పాలు పితకడానికి వచ్చే ఆమె చేతిలో పెట్టింది. అత్తకు ఎవరు చీర పెట్టినా వారం తిరక్కముందే ఈ పాలామె ఒంటి మీద కనిపించేది, ఇంట్లో అందరికీ తెలిసిందే. మామ చూసి, ఏమీ అనకుండా పశువుల దగ్గరికి వెళ్ళిపోయాడు.

కనుమ మర్నాడు బయల్దేరాను. పూతలపట్టులో తిరుపతి బస్సు ఆగగానే బావ నాకంటే ముందు ఎక్కి కండక్టర్‌కు డబ్బు ఇవ్వబోయాడు. తోసేసి నేనే కొన్నాను. ఈసారి కిటికీ దొరకలేదు, చంద్రగిరి దాకా నిలబడే వచ్చాను.