మా పాప పేరు ఝాన్సీ

పాపకి ఝాన్సీ అని పెడుతున్నామంటే ఆఫీసులో గ్వాలియర్ అబ్బాయి పడీ పడీ నవ్వాడు. "అది మా పక్క ఊరక్కా! మీరు పిల్లకి వరంగల్ అని పెట్టుకుంటారా?" అన్నాడు.

నవ్వితే నవ్వాడు గానీ, మన దగ్గర ఆ పేరు వింటే ఊరెవరికి గుర్తొస్తుంది? వీపున బిడ్డని కట్టుకుని గుర్రమెక్కిన రాణే గుర్తొస్తుంది. నిజానికి ఆవిడ కాశీలో పుట్టినప్పుడు మణికర్ణిక, పెళ్లయ్యాక లక్ష్మీబాయి. ఆవిడ దత్తపుత్రుడు వారసుడిగా చెల్లడంటూ బ్రిటిష్ గవర్నర్ జనరల్ డల్హౌసీ 1854లో ఝాన్సీని కలిపేసుకున్నాడు. 1858 జూన్‌లో గ్వాలియర్ దగ్గర పోరాడుతూ ఆవిడ చనిపోయింది. పోయిన రాజ్యం పేరు మన ఆడపిల్లలకి మిగిలింది. అక్కడేమో ఇప్పుడు రైల్వే స్టేషన్‌కే వీరాంగన లక్ష్మీబాయి అని చేర్చారు.

మా మేనత్త కూడా ఝాన్సీయే. తాతయ్య బడిపంతులు, అన్నీ ఇలాంటి పేర్లే, బాబాయి సుభాష్. అత్త రేషన్ కార్డులో "జాన్సి", టెన్త్ సర్టిఫికెట్‌లో "ఝాన్సి", బ్యాంకు పాస్‌బుక్‌లో ఏకంగా "జానకి". ఆధార్ లింకు చేయాల్సి వచ్చినప్పుడు ఆవిడ పడ్డ టెన్షన్ చూశాను కాబట్టి, బర్త్ సర్టిఫికెట్ దగ్గర నేనే నిలబడి, ఇంగ్లీషులో జె పక్కన హెచ్ పడిందా లేదా అని రెండుసార్లు చూసుకున్నా.

బారసాల రోజు అత్తగారు లక్ష్మి కూడా చేర్చమన్నారు. సరే, బియ్యంలో ఝాన్సీలక్ష్మి అని రాశాం. ఇంట్లో మాత్రం అందరికీ చిట్టి.